మూసిన గది రాణి

ఆ సీరియల్లో సెలవు అడగాలంటే నటులకి గుండెలు జారిపోయేవి. పెళ్ళనో జ్వరమనో ఎవరైనా నాలుగు రోజులు రానంటే, రచయిత్రి నవ్వుతూ సరేననేది. మర్నాటి ఎపిసోడ్‌లో ఆ పాత్ర రాయైపోయేది. తిరిగొచ్చాక శాపం తీరేది. మరీ పేచీ పెట్టేవాళ్ళు కొండ మీది నుంచి పడేవారు. ప్రేక్షకులు గోల చేస్తే వాళ్ళూ బతికొచ్చేవారు. రాసేదీ తనే, నిర్మాతా తనే కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. యూనిట్ వాళ్ళు ఆమెను చాటుగా తలరాతమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, తెలియనట్టు తిరిగేది.

ఏళ్ళ తరబడి ఎవరెవరి సీరియళ్ళకో పేరు లేకుండా మాటలు రాసి, చీవాట్లు తిని, చివరికి సొంతంగా మొదలుపెట్టిన కథ అది. పాములు మాట్లాడే రాజ్యం, గాలిలో తేలే కోట. మొదటి రోజే రాణి వేషం వెయ్యాల్సిన అమ్మాయి చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టింది. సెట్ సిద్ధం, లైట్లు వెలుగుతున్నాయి, అందరూ ఈమె మొహం చూస్తున్నారు. అక్కడికక్కడే రాణిని ఒక గదిలో పెట్టి తలుపు మూయించేసింది. రాణి కనిపించదు, మాటలు మాత్రమే వినిపిస్తాయి. ఆ మాటలు చెప్పడానికి అక్క ఉండనే ఉంది.

అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. నోట్లో లవంగం వేసుకుని, గొంతు సవరించుకుని, మైకు ముందు నిలబడితే చాలు. ఆ రోజు రాసిచ్చిన మాటలన్నీ చెప్పి, చివర్లో కాగితంలో లేని ముక్క ఒకటి కలిపింది. "తలుపు మాత్రం తియ్యకండి." ఎందుకన్నావే అని చెల్లెలు అడిగితే, "ఏమోనే పిచ్చుకా, నోటికొచ్చింది" అంది. పిచ్చుక అని ఆమెను పిలిచేది లోకంలో అక్క ఒక్కతే. ఆ ముక్కతోనే ఎపిసోడ్ ముగిసింది, ఆ ముక్కతోనే సీరియల్ ఊరూరా పాకింది. గదిలో ఏముందా అని జనం పందాలు కాసుకున్నారు. గదిలో ఏముందో రాసిన మనిషికీ తెలియదు.

అక్క జబ్బు చేసి పోయింది. ఎంతమందినో చితి మీద నుంచి లేపిన మనిషి, ఆ రోజు ఆసుపత్రి వరండాలో చేతులు ముడుచుకుని కూర్చుంది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉండే ఇంట్లో ఇప్పుడు ఒక్కతే మిగిలింది. అక్క గదికి బయట గడియ పెట్టి, మళ్ళీ తియ్యలేదు. రాణి పాత్రని చంపెయ్యమని చానెల్ వాళ్ళు సలహా ఇచ్చారు. చంపలేదు. పాత రికార్డింగుల్లోంచి ముక్కలు ఏరించి, అతికించి, రాణి చేత మాట్లాడిస్తూనే ఉంది. జనం కథ కోసం చూస్తే, ఆమె ఆ గొంతు కోసం సీరియల్ నడిపింది. పగలంతా ఎలా గడిచినా, పూర్తయిన ఎపిసోడ్‌లో ఆ గొంతు వింటే అన్నం సహించేది.

కానీ ఎంతకాలమని సాగుతుంది? చానెల్ ఆపెయ్యమంది. ఆఖరి ఎపిసోడ్‌లో తలుపు తెరవాల్సిందే అంది.

ఆఖరి షూటింగ్ రోజు ఉదయం ఆమె డబ్బింగ్ గదికి వెళ్ళింది. సౌండు చూసే బాబాయ్ చెవులకి తగిలించుకున్నది తీసి కుర్చీ జరిపాడు. సొంత బాబాయేం కాదు, అక్క అలా పిలిచేది కాబట్టి ఈమెకీ బాబాయే.

"ఈ చివరి సీనుకి అక్క మాటలు దొరుకుతాయా బాబాయ్? ఇన్నాళ్ళూ ఎలా అతికావో గానీ, ఎక్కడా అతుకు తెలియనివ్వలేదు."

బాబాయ్ ఆమె వంక వింతగా చూశాడు.

"నేను అతకడమేంటమ్మాయ్? ఆ ముక్కలు నాలుగు వారాల్లోనే అయిపోయాయి. ఆ సంగతి నీకెలా చెప్పాలా అని మథనపడుతుంటే, ఒక పొద్దున రాణి మాటలన్నీ కంప్యూటర్లో రికార్డయి ఉన్నాయి. నువ్వే ఎక్కడివో తెచ్చి పెడుతున్నావనుకున్నా. అడిగితే నీ మనసు కష్టపెట్టినట్టవుతుందని ఊరుకున్నా."

"నేను పెట్టలేదు బాబాయ్."

ఒకరి బాధ ఒకరు కదపకూడదని ఇన్నాళ్ళూ ఇద్దరూ ఆ మాటే ఎత్తలేదు. ఏడాదిగా రాణి చెప్పిన మాటలన్నీ అక్క పోయాక రాసినవి. అవి అక్క ఏనాడూ పలకలేదు.

మధ్యాహ్నం యూనిట్ భోజనాలకి వెళ్ళింది. ఆమె ఒక్కతే షూటింగ్ ఫ్లోర్‌లోకి నడిచింది. బయట ఎండ పేలిపోతోంది. లోపల లైట్లు ఆర్పేస్తే మాత్రం స్టూడియోకి పగలూ రాత్రీ తేడా ఉండదు. కిటికీలు లేని గోడలు, నల్ల గుడ్డలు, పైన కనపడని ఇనుప కమ్మీలు. జిగురు వాసన, తడి రంగు వాసన. కాళ్ళ కింద వైర్లు తడుముకుంటూ వెళ్ళి రాణి తలుపు ముందు ఆగింది. ఉత్త ప్లైవుడ్ తలుపు. బంగారు రంగు అక్కడక్కడ పెచ్చులూడింది. దాని వెనక గది లేదు, అడుగున్నర జాగా, ఆపైన స్టూడియో గోడ. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

అప్పుడు జిగురు వాసనలో ఇంకో వాసన కలిసింది.

లవంగం.

తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆమె తలుపుకి చెవి ఆనించి కింద కూలబడింది.

"అక్కా..."

"పిచ్చుకా." చాలా మెల్లగా. "తియ్యకే."

ఏడుపు పొంగుకొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వేనా? ఇన్నాళ్ళూ నువ్వేనా?"

"నేను మాట్లాడకపోతే నువ్వు తిండి మానేస్తావుగా... మొండిదానివి."

"ఒక్కసారి చూస్తానే. ఒక్కసారి."

"వద్దు... నేనొక్కదాన్నే లేను ఇక్కడ."

చీకట్లో ఎక్కడో పైన కమ్మీ కిర్రుమంది.

"ఎవరున్నారు?"

"తెలీదు. మొదటి నుంచీ ఉంది. ఆ రోజు మైకు ముందు నిలబడ్డప్పుడే వెనకాల తగిలింది. దానికి గొంతు లేదు... నేను మాట్లాడుతుంటే దగ్గరికొచ్చి వింటుంది." ఊపిరి ఆగి, మళ్ళీ వచ్చింది. "నేర్చుకుంటోందే. నేను తలుపుకి ఆనుకుని కూర్చున్నా. నేనున్నంతసేపూ అది బయటికి రాదు. తలుపు తియ్యనని చెప్పు వాళ్ళకి. కథ మార్చెయ్. నీకదేమన్నా పెద్ద పనా?"

నిజమే, పెద్ద పని కాదు. ఒక్క సీను మారిస్తే చాలు. తలుపు మూసే ఉంటుంది, చానెల్ వాళ్ళు నాలుగు తిట్లు తిడతారు, అంతే. ఆమె లేచి నిలబడింది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది కూడా. కానీ రేపు ఈ సెట్ పీకేస్తారు. సీరియల్ ఆగిపోతే ఈ గొంతు మళ్ళీ ఎక్కడ వింటుంది? పోయేటప్పుడు అక్క మొహం సరిగా చూడనేలేదు. ఎందరినో వెనక్కి తెచ్చిన చేతులివి. ఒక్కసారి... రెప్పపాటు...

తలుపు లాగింది.

బరువుగా వచ్చింది. ఆనుకుని కూర్చున్న మనిషి పక్కకి ఒరిగినట్టు, ఏదో మెత్తగా జారింది. తరవాత తలుపు తేలికైపోయింది.

అవతల ఏమీ లేదు. కర్ర దన్నులు. స్టూడియో గోడ. నేల మీద ఒక లవంగం. చల్లటి గాలి ఒకటి ఆమె భుజాన్ని రాసుకుంటూ ఫ్లోర్‌లోకి వెళ్ళిపోయింది.

"అక్కా! అక్కా!"

పలకలేదు. భోజనాలు చేసొచ్చిన వాళ్ళు లైట్లు వేసేసరికి ఆమె ఆ లవంగాన్ని గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తోంది. ఆఖరి రోజు కదా, పాపం అనుకున్నారు. డైరెక్టర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, తలుపు తెరిచే షాట్ ఎలాగో తీశాడు.

సాయంత్రం బాబాయ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. కంగారుగా ఉన్నాడు. పాత ఎపిసోడ్లు ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. కథలో యువరాజు మూసిన తలుపు ముందు నిలబడి రాణిని ప్రశ్న అడుగుతాడు. ఆగుతాడు. జవాబు విన్నట్టు తలూపుతాడు. మధ్యలో ఉండాల్సిన రాణి గొంతు లేదు. ఏ ఎపిసోడ్ తెరిచినా అంతే, అక్క బతికుండగా చెప్పినవి కూడా. ఆమె ఒక్కొక్కటీ చివరిదాకా వింది. ఆ నిశ్శబ్దం దగ్గర ప్రతిసారీ ఆశగా ముందుకి వంగింది.

"ఇంకొకటుంది," అన్నాడు బాబాయ్, ఆమె కళ్ళలోకి చూడకుండా. "మధ్యాహ్నం తరవాత వచ్చి చేరింది. వినకు అంటే వింటావా?"

నొక్కాడు.

మొదట గాలి. తరవాత గరగర. ఆడదో మగదో తెలియని గొంతు, ఒక్క మాట కోసం పెనుగులాడుతోంది. "పి... ప్పి..." ఆగింది. డబ్బింగ్ వాళ్ళు టేకుకీ టేకుకీ మధ్య ఆగినట్టే. మళ్ళీ. "పిచ్... పిచ్చూ..." మళ్ళీ. ప్రతిసారీ కొంచెం నున్నగా. కొంచెం తియ్యగా. చివరిది పూర్తిగా అక్కే.

"పిచ్చుకా."

ఆమె ఇంటికెలా చేరిందో ఆమెకే గుర్తులేదు. హాల్లో లైటు వేసి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది. ఇంట్లో లవంగం వాసన లేదు. అక్క గది తలుపు మూసే ఉంది.

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పిచ్చుకా... తలుపు తియ్యవే."

అక్క ఏనాడూ తియ్యమనలేదు. పోయాక కూడా తియ్యవద్దనే చెప్పింది. ఇది అక్క కాదని ఆమెకి తెలుసు. బాగా తెలుసు. అయినా కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి, చెంప ఆనించింది.

"ఇంకోసారి పిలువ్," అంది గుసగుసగా. "ఒక్కసారి."

పిలిచింది.

ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. గడియ అప్పటికే తీసి ఉంది.