జూలై ఒకటిన పుట్టినవాళ్లు

ఏజెంట్ ఫణిభూషణ్ తన సర్వీసులో ఒక్క పొరపాటు కూడా చేయలేదు. చెరుకు తోటలో పులిని చీపురుతో తరిమినవాణ్ణి నేను, నా మాట నమ్మండి.

1996 మార్చి. విశాఖలో ఒక చేపల గోదాము వెనకగది. చీఫ్ టేబుల్ మీదికి ఫైలు విసిరాడు.

"జలాంతర్గామి డిజైన్ల మైక్రోఫిల్మ్ పోయింది. దేశం దాటడానికి రేపు బయల్దేరుతోంది."

"రూట్?"

"చోడవరం, ఢిల్లీ, ఆల్మాటీ."

"కజకిస్తాన్‌కి చోడవరం నుంచా?"

"అక్కడి ఎగ్జిబిషన్‌లో బెల్లం వండి చూపించడానికి ముగ్గురు వెళుతున్నారు. తోడుగా ఒక ఇంటర్‌ప్రెటర్. కొరియర్ ఒక్కరో, ఎక్కువమందో తెలీదు. దొంగ పాస్‌పోర్టులు కొట్టేవాడు సోమరి, ఒకే వివరం పదేపదే దించుతాడు. అది పట్టుకో. కోడ్ 'పాకం ముదిరింది'. జీపు వస్తుంది."

ఫణి తలూపాడు. అతడిది చోడవరం దగ్గరి పల్లె, రావికమతం. ఎవరడిగినా వైజాగ్ అనే చెబుతాడు.

మర్నాడు పదింటికి చోడవరం బస్టాండు. టీ కొట్టు ముందు బల్ల వేసుకుని, ట్రావెల్ ఏజెంటు వేషంలో ఫణి కూర్చున్నాడు. పెట్టుడు మీసం, సఫారీ సూటు, జేబులో వైర్‌లెస్ ఉన్న పెన్ను. పదీ నలభై బస్సు తప్పితే ఢిల్లీ రైలు తప్పుతుంది. రైలు తప్పితే వీసా గడువు దాటిపోతుంది.

"పాస్‌పోర్ట్ ఇంకా ఆర్నెల్లు చెల్లాలి. వీసా స్టాంపు, ఆహ్వానపత్రం, ఫొటోలు, వైద్య పరీక్ష కాగితం ఉండాలి. దిగిన మూడు రోజుల్లో అక్కడి పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి" అని ఫణి ఏకరువు పెట్టాడు.

"పోలీసులా? మనమేటి సేసేమని?" అన్నాడు బెల్లం వండే ముగ్గురిలో ఒకడైన రమణమూర్తి.

"నీ మొహం సూస్తే సాల్దేటి బావా!" అంది అతడితో వెళ్లే పైడితల్లి.

ముగ్గురిలో పెద్దది నూకరత్నం. చీడికాడలో నలభై ఏళ్లుగా బెల్లం పెనం దగ్గర నిలబడిన మనిషి. పాకం ఎప్పుడు దించాలో వాసన చూసి చెబుతుంది. తన పేరు టైపు కొట్టిన ఉత్తరం ఆవిడకు రావడం అదే మొదలు. ఆ ఆహ్వానపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, నెల రోజులు దేవుడి పటాల దగ్గర ఉంచింది.

ఇంటర్‌ప్రెటర్ రూపాదేవి నల్ల కళ్లద్దాలతో, సెంటు గుబాళింపుతో నిలబడి ఉంది. "నేనూ చీడికాడ బడిలోనే చదివానండీ" అని అందరితో నవ్వుతూ చెబుతోంది.

ఫణి పాస్‌పోర్టులు విప్పాడు. నూకరత్నం, జూలై ఒకటి. పైడితల్లి, జూలై ఒకటి. రమణమూర్తి, జూలై ఒకటి. రక్తం ఉరకలెత్తింది. ఒకే వివరం, పదేపదే!

"సంచి తియ్!" అని నూకరత్నం సంచి బల్ల మీద బోర్లించాడు. రెండు చీరలు, బెల్లం గరిట, కవరు బయటపడ్డాయి. కవరులోని వైద్య పరీక్ష కాగితం అందుకుని బస్టాండంతా వినబడేలా చదివాడు.

"ఎయిడ్స్ పరీక్ష!"

అంతే చదివాడు. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నామె పిల్లను చంకనేసుకుని లేచిపోయింది. టీ కొట్టువాడు ఆవిడ తాగిన గ్లాసును వేరేగా పెట్టాడు.

"కింద ఏటి రాసుందో అది కూడా సదువు బాబూ" అంది నూకరత్నం నెమ్మదిగా.

"ముందు ఇది చెప్పు. ముగ్గురూ ఒకే తేదీన ఎలా పుట్టారు?"

"మాయమ్మకి తేదీలు తెల్దు బాబూ. గాలివాన రోజు పుట్టేనంది. బళ్లో మాస్టారు అందరికీ జూలై ఒకటే రాసేసేరు. మరి నీకేటి రాసేరు?"

ఫణి చెవులు కాలిపోయాయి. అతడి పాస్‌పోర్టులోనూ జూలై ఒకటే. రావికమతం మాస్టారు రాసిన తేదీ అది. ఏటా ఆ రోజే ఆఫీసులో కేకు కోస్తాడు.

ఒక్క పొరపాటూ చేయలేదని మొదట్లో అన్నానా? అది ఈ బస్టాండు దాకానే. ఇంతకీ ఆ పులి కూడా పిల్లేలెండి.

ఫణి నాలుగో పాస్‌పోర్ట్ చూశాడు. మే పదమూడు.

"మేడమ్, అదే బళ్లో మీకు మే ఎలా వచ్చింది?"

"నాకు జాతకం ఉంది!"

"మా తమ్ముడికీ ఉంది" అంది పైడితల్లి. "అదే బడికి తీసికెళ్లి సూపిస్తే మాస్టారేటన్నారు? మే నెల బడికి సెలవులు, సెలవుల్లో పుట్టినోణ్ణి సేర్చుకోనన్నారు."

రూపాదేవి కదులుతున్న బస్సు మీదికి దూకింది. "పాకం ముదిరింది!" అని ఫణి పెన్నులో అరిచాడు. చెరుకు బళ్ల వెనక జీపు ఇరుక్కుపోయింది. ఫణి పరిగెత్తి ఆమె చెప్పు పట్టుకున్నాడు. మడమ ఊడింది. అందులోంచి మైక్రోఫిల్మ్ జారి రోడ్డు మీద దొర్లింది. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు ఆగింది.

జీపు వచ్చి ఆమెను ఎక్కించుకుంది. మిగతా ముగ్గురూ బస్సెక్కారు. ఫణి ఫుట్‌బోర్డు మీద నిలబడి, మీసం పీకేసి, కాగితం చివరిదాకా పెద్దగా చదివాడు. "జబ్బు లేదు! నాది రావికమతం. నాదీ జూలై ఒకటే. తప్పు నాదమ్మా!"

చెప్పు మడమ నిజం, చెరుకు బళ్లు నిజం. కల్పించింది ఒక్కటే, ఆ ఫుట్‌బోర్డు సంగతి. నిజానికి అతడు కాగితాన్ని మడిచి ఆవిడ సంచి మీద పెట్టి, మొహం చూడకుండా జీపెక్కి వెళ్లిపోయాడు.

రమణమూర్తికి వెనక చోటు దొరికింది; ముగ్గురు పట్టే సీటులో నూకరత్నం, పైడితల్లి కూర్చున్నారు. మూడో చోటు విశాఖ దాకా ఖాళీగానే ఉంది. బస్సులో నిలబడ్డవాళ్లు పధ్నాలుగు మంది.