ఓడ గంట ఒకటి, ఊరి గంట ఒకటి

"ఇంకెంతసేపమ్మా ఇలా బొమ్మలా నిలబడతావు? నాన్న ఏరీ? అసలు నువ్వు ఆయన్ని ఏమన్నావు?"

కూతురు రెనీటా గొంతు రేవంతా వినిపించింది. ఓజెల్లా చేతిసంచీని గుండెకు హత్తుకుని, పరాయిదేశపు మజిలీ అయిన కొజుమెల్ ఊళ్ళోంచి ఓడ దాకా సాగిన పొడుగాటి జెట్టీ వైపే చూస్తోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వెనక కొండలా తెల్లటి ఓడ... మూడున్నరకల్లా అందరూ ఎక్కేయాలి. నాలుగింటికి కదిలిపోతుంది. ఇప్పుడు మూడూ నలభై!

డెబ్భై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆమె మొదటిసారి చూసిన సముద్రం ఇది. ఆమె పెళ్ళికి యాభై ఏళ్ళు నిండాయని రెనీటా ఏడాదిగా కష్టపడి ఈ ఓడ ప్రయాణం ఏర్పాటు చేసింది. సొంతూరు మేకన్ నుంచి టాంపా రేవు దాకా ఇరవై రెండు మంది బంధువులు కార్లలో వచ్చి ఓడెక్కారు. అందరికీ ఒకే రకం పసుపు టీషర్టులు. వీపు మీద పెద్ద అక్షరాలతో "ఓజెల్లా, థాడియస్... యాభై ఏళ్ళు!" ఆ యాభై ఏళ్ళలో సగం మనిషి ఇప్పుడు కనిపించడం లేదు.

"ఏమంటుందే, ఏదో అనే ఉంటుంది!" అంది వెర్డెల్. ఆమె థాడియస్ చెల్లెలు. చేతుల్లో ఊళ్ళో కొన్న టోపీలు, గవ్వల దండల సంచులు. "ఏడాదయింది వదినా, మా అన్నయ్య నాతో పది నిమిషాలు మాట్లాడి! కారు తాళాలు లాక్కున్నావు. ఫోను లాక్కున్నావు. నేను ఇంటికొస్తే నిద్రపోతున్నాడంటావు. నీ గుప్పిట్లోంచి ఒక్క గంట బయటపడేసరికి పక్షికి రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయాడు. అంతే వదినా!"

ఓజెల్లా పెదవి కొరుక్కుంది. నోరు తెరిస్తే మాట జారుతుంది. మాట జారితే... ఒట్టు!

పొద్దున ఊళ్ళోకి దిగగానే ఇదే వెర్డెల్ అందరి ముందూ చేతులు తిప్పుతూ, "ఒక్క గంట మా అన్నయ్యని నాకొదులు తల్లీ! ఆయనేం పసిపిల్లాడా?" అంది. ఇరవై మంది పకపకా నవ్వారు. ఓజెల్లా కాదనలేకపోయింది. మొగుడి చొక్కా జేబులో చీటీ ఉందో లేదో తడిమి చూసి పంపించింది. వెర్డెల్ అన్నని చౌక్‌లో గడియార స్తంభం కింద బెంచీ మీద కూర్చోబెట్టి, "నేను నాలుగు దుకాణాలు తిరిగొస్తాను. ఆలస్యమైతే నువ్వు మూడింటికల్లా ఓడ దగ్గరికి వచ్చేయ్ అన్నయ్యా" అని చెప్పి పోయింది. బేరాల్లో పడి, తిన్నగా ఓడ దగ్గరికే వచ్చేసింది. ఆ తర్వాత రెనీటా టాక్సీలో పరుగెత్తి చూసింది. బెంచీ ఖాళీ!

అప్పుడే ఓడ మెట్లు దిగి ఒక అధికారి వచ్చాడు. అతని చేతిలో గోధుమరంగు కవరు. ఓడ ప్రయాణాలు చేసినవాళ్ళకి ఆ కవరంటే ఏమిటో తెలుసు. మనిషి రాకపోతే, గదిలో దాచిన పాస్‌పోర్టులు తీసి రేవులో ఇచ్చి పోతారు. అంటే ఆ మనిషి మీద ఓడ ఆశ వదులుకున్నట్టే!

"అమ్మా, మీరు పైకి వెళ్ళండి. ఆయన కాగితాలు ఇక్కడి మావాళ్ళకి ఇచ్చి వెళ్తాం. అంత పెద్దమనిషి టాక్సీ చేసుకుని రాలేరా? దారి తెలియకపోతుందా?"

"తెలియదు" అంది ఓజెల్లా.

రెనీటా విసుక్కుంది. "ఏంటమ్మా ఆ మాట! ముప్పై నాలుగేళ్ళు మేకన్‌లో సిటీ బస్సు నడిపిన మనిషి..."

"తెలియదే తల్లీ! మీ నాన్నకి దారి తెలియదు! ఒక్కోరోజు మన ఇంట్లో స్నానాలగదికే దారి తెలియదు!"

ఏడాదిగా దాచిన మాట... ఇక ఆగలేదు. కళ్ళు ధారలు కట్టాయి.

"కిందటేడు ఈస్టరు ముందు, కారు తీసుకుని వెళ్ళి, పాత బస్సు దారిలో ఒక్కో స్టాపు దగ్గరా ఆపి తలుపు తీసి కూర్చున్నాడే... ఎక్కేవాళ్ళ కోసం! వెనక కార్ల వాళ్ళు తిడుతుంటే, 'అందర్నీ ఎక్కనీ బాబూ' అన్నాడట. ఆ రోజే తాళాలు దాచాను. డాక్టరు ఇది తగ్గే మతిమరుపు కాదన్నాడు. 'పిల్లకి చెప్పకు ఓజీ... ఓడ మీద అందరి మధ్యా ఒక్కసారి మగాడిలా తిరగనీ, రోగిలా చూస్తే తట్టుకోలేను' అని నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాడు. గయ్యాళినన్నారు, పడ్డాను. మీ నాన్నని జైల్లో పెట్టానన్నారు, పడ్డాను..."

ఆమె సంచీ తెరిచింది. రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. రోజుకొకటి. ఓజెల్లా రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. రెనీటా పైచీటీ లాగింది.

'నీ పేరు థాడియస్. మందు వేసుకున్నావు. ఇవాళ ఆదివారం. సాయంత్రం రెనీటా ఫోన్ చేస్తుంది. రెనీటా మన అమ్మాయి. టీచరు. పిల్లలెలా ఉన్నారని అడుగు. భయపడకు. నేను వంటింట్లోనే ఉన్నాను.'

ప్రతి ఆదివారం "పిల్లలెలా ఉన్నారమ్మా?" అని అడిగే తండ్రి గొంతు... అది చీటీ చూసి అడిగిందా! రెనీటా తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా! నిన్నెన్ని మాటలన్నాను... ఒక్కసారి చెప్పకపోయావా అమ్మా!"

వెర్డెల్ చేతిలోని సంచులు జారిపడ్డాయి. గవ్వలు జెట్టీ మీద దొర్లాయి. "నేనే... నేనే వదిలేసి వచ్చాను వదినా! ఆ చచ్చు టోపీల కోసం!"

ఓడ కూత వేసింది.

"నా పాస్‌పోర్టు కూడా ఆ కవర్లో పెట్టండి" అంది ఓజెల్లా. "ఆయన లేకుండా నేనెక్కను."

"నాదీ తెండి" అంది రెనీటా.

"నీ పిల్లలు పైనున్నారే!"

"వాళ్ళ నాన్న ఉన్నాడు. మా నాన్నకెవరున్నారు, నువ్వు తప్ప? ఇక నీకెవరున్నారు?"

వెర్డెల్ కూడా ఆగిపోతానని ఏడ్చింది. ఓజెల్లాయే ఆమె భుజం పట్టి మెట్ల వైపు తిప్పింది. "వెళ్ళమ్మా. పైన అందరూ కంగారుపడుతుంటారు. మీ అన్నకి నువ్వు చెడు చెయ్యలేదు, నాకు తెలుసు."

సరిగ్గా నాలుగింటికి మెట్లు లాగేశారు. మోకుల్లాంటి తాళ్ళు విప్పేశారు. ఓడకీ రేవుకీ మధ్య జానెడు నీళ్ళు... బారెడు నీళ్ళు... పైన కమ్మీకి ఆనుకుని వెర్డెల్ పసుపు చొక్కా రెండు చేతులూ ఊపుతోంది, ఏడుస్తోంది.

అప్పుడు జెట్టీ ఆ చివర మరో పసుపు చొక్కా కనిపించింది!

తొందర లేదు, తడబాటు లేదు. బస్సు డ్యూటీకి వచ్చే మనిషిలా నిటారుగా నడిచి వస్తున్నాడు థాడియస్! రెండు చేతుల్లోనూ రెండు గ్లాసులు. నిండా మామిడిపండు ముక్కలు.

"ఏమయ్యా!" అని ఓజెల్లా ఎదురు పరుగెత్తింది. ఆ పరుగు చూసి ఆయన నవ్వాడు.

"నీకోసమే ఓజీ. పండ్లబండివాడు అందరికీ కారం చల్లుతున్నాడు. మా ఆవిడకొద్దు, కడుపులో మంట అని చెప్పాను. నడిచే వచ్చాను. మూడింటికి రమ్మంది వెర్డెల్. మూడయింది, చూడు!"

చెయ్యి చాపాడు. గడియారంలో సరిగ్గా మూడు!

ఓజెల్లాకి పొద్దుటి దృశ్యం కళ్ళముందు కదిలింది. ఓడవాళ్ళు రోజూ మైకులో మొత్తుకుంటారు, "ఓడ గంటే మీ గంట, ఊళ్ళో గంటలు చూసి గడియారాలు తిప్పకండి" అని. ఈ ఊరు టాంపాకి గంట వెనక. కానీ ముప్పై నాలుగేళ్ళు డిపో గడియారంతో తన గడియారం కలపనిదే బండెక్కని మనిషి, స్తంభం కనబడగానే నిలబడి ముల్లు తిప్పాడు. పాత అలవాటు గుర్తుంది కదా అని మురిసిపోయిందే తప్ప, ఆపాలని తనకి తోచలేదు! ఆయన ఏదీ మర్చిపోలేదు. చెల్లెలు చెప్పిన వేళా, పెళ్ళాం కడుపులో మంటా... ఏదీ!

"ఓడేదీ?" అన్నాడు థాడియస్. దూరమవుతున్న తెల్లటి ఓడను చూశాడు. కూతురి ఏడ్చిన మొహం చూశాడు. ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. "మళ్ళీ మర్చిపోయానా ఓజీ? పిల్లకి... చెప్పేశావా?"

"చెప్పేశాను. ఒట్టు తప్పాను. నన్ను తిట్టు!"

ఆయన ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. "తిట్టడమెందుకు... బరువంతా నీ ఒక్కదాని మీదే వేశాను. తప్పు నాది."

రెనీటా తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన గడియారం పక్కన తన గడియారం పెట్టి, ముల్లు ఒక గంట వెనక్కి తిప్పింది. "నువ్వు మర్చిపోలేదు నాన్నా. చెప్పిన వేళకే వచ్చావు. ఓడే తొందరపడింది."

"అంతేనంటావా?" అన్నాడాయన, పిల్లాడిలా.

"అంతే. రేపు విమానంలో పోదాం. ఇవాళ నాకూ ఒక మామిడి ముక్క పెట్టు." తర్వాత తల్లి వైపు తిరిగి చెయ్యి చాచింది. "ఆ సంచీ ఇలా తే అమ్మా. రేపటి చీటీ నేను రాస్తాను."

ఓజెల్లా ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత, ఏడాదిగా ఎవరి చేతికీ ఇవ్వని ఆ సంచీని కూతురి చేతిలో పెట్టి, మామిడి ముక్క నోట్లో వేసుకుంది.