కుడివైపు గీతలు

బంగళాకి నూరేళ్లు నిండుతున్నాయని ఒక పుస్తకం అచ్చు వేయించాలనుకున్నాడు తండ్రి. ఆ ఉదయం ఆయన చెబుతుంటే కూతురు రాస్తోంది. చరిత్ర చెప్పే హుషారులో కాఫీ చల్లారిపోయిన సంగతే ఆయనకి పట్టలేదు.

“రాసుకో. ఊరికి ఆరుమైళ్ల దూరాన, ఎత్తైన గోడల మధ్య, ఎవరినీ గడప తొక్కనివ్వకుండా పరువుగా బతికింది మా వంశం.”

“మరి నా పెళ్లికైనా ఎవరినైనా రానిస్తారా నాన్నా?”

“ఆ వడ్రంగితోనా? నేను బతికుండగా జరగదు. పుస్తకంలో ఫొటో కోసం వంటింటి గుమ్మం రంగు గీకి బాగుచెయ్యమన్నాను. అదయ్యాక మళ్లీ మన గడప తొక్కడు.”

ఆమె కలం కింద పెట్టేసింది. ఏడుపు ఆపుకుంటూ ఏదో అనబోయేలోగా వంటింట్లోంచి వడ్రంగి కేక వినిపించింది.

“అయ్యగారూ! ఒక్కసారి రండి, త్వరగా!”

ఇద్దరూ పరుగున వెళ్లారు. ఐదు పొరల రంగు ఊడిపోయి ద్వారబంధం మీద పాత గీతలు బయటపడ్డాయి. ఎడమవైపు గీతల పక్కన సంవత్సరాలు వేసి ఉన్నాయి.

“మా నాన్న ఎత్తు! ఏటా పుట్టినరోజుకి నిలబెట్టి కొలిచేవారట!” తండ్రి చిన్నపిల్లాడిలా గెంతినంత పని చేశాడు. “రాయవే, ఇదీ రాయి!”

“కుడివైపువి ఎవరివి?” అంది కూతురు. అక్కడ అంకెలు లేవు. ప్రతి గీత పక్కనా ఒక చిన్న ఆకు బొమ్మ ఉంది.

“నావి,” అంది వెనకనుంచి బామ్మ.

ఆమె మెల్లగా వచ్చి అన్నిటికన్నా కిందున్న ఆకుని వేలితో తడిమింది. “మా నాన్నకి అంకెలు రావు. తోటమాలి కదా, ఆకు గీసేవాడు.”

“ఏ తోటకమ్మా?” అన్నాడు ఆమె కొడుకు.

“ఈ తోటకే. మీ నాన్న నన్ను చేసుకున్నాక చుట్టాలు రాకపోకలు మానేశారు. చూసి చూసి ఆయన పెద్దగేటుకి తాళం వేశారు. నీకు తెలిస్తే చిన్నబోతావని ఈ గుమ్మానికి రంగు కూడా తనే పూశారు. ఎవరినీ రానివ్వలేదని గొప్పగా చెబుతావు చూడు... ఎవరూ రాలేదురా నాన్నా.”

ఆయన గడప మీదే కూలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“గోడలు చూసి నువ్వు మురిసిపోతుంటే నాకు నోరు రాలేదు. ఇవాళ నా మనవరాలి కోసం వచ్చింది.”

ఆయన మొహం తుడుచుకున్నాడు. “మరి నా గీతలేవమ్మా?”

“రంగు పూశాక నీకెక్కడ గీస్తాంరా?”

ఆయన లేచాడు. చెప్పులు విడిచి, కుడివైపు చెక్కకి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

“తల్లీ, ఆ మొదటి వాక్యం కొట్టేయ్. పెద్దగేటు తాళంచెవి ఎక్కడుందో వెతికించు. పెళ్లికి అందరినీ పిలుద్దాం. వచ్చేవాళ్లే వస్తారు.” ఆ తర్వాత వడ్రంగి వైపు చూశాడు. “చెవిమీద పెన్సిల్ పెట్టుకుని అలా చూస్తావేం? గియ్యి అల్లుడూ.”

వడ్రంగి గబగబా పెన్సిల్ తీసి గీశాడు. గీత కాస్త వంకరగా వచ్చింది. బామ్మ పెన్సిల్ అందుకుని దాని పక్కన ఒక ఆకు గీసింది.