చిరుతకు ఎదురేసిన పాచిక

ఆదివారం మధ్యాహ్నం. కిష్టారెడ్డిపేటలో నర్సింహ కిరాయి గది. కరెంటు లేదు, బయట ఒకటే వాన. చాప మీద అట్ట పరిచి నర్సింహా, యాకూబూ ఆటలో పడ్డారు. ఇది మామూలు ఆట కాదు. నర్సింహ అడవి కథ చెబుతుంటాడు, ఆడేవాళ్ళు అందులో మనుషులై పాచికలేసి బతికి బయటపడాలి. వారమంతా మందుల ఫ్యాక్టరీలో మాడేవాళ్ళకు ఆదివారమైనా అడవి దొరకొద్దా మరి!

మూడోవాడు లింగం రాలేదు. పనిలో గ్యాస్ పీల్చి, సంగారెడ్డి ఆసుపత్రిలో తెలివి తప్పి పడున్నాడు. అయినా అతని బొమ్మ అట్ట మీదే ఉంది. ఫ్యాక్టరీలో ఎవడు రాకపోయినా వాడి హాజరు కార్డు దోస్తులే పంచ్ కొట్టేస్తారు. యాకూబ్‌కు ఆ అలవాటు చేతిలోనే ఉంది.

"లింగం వంతు నేనేస్త," అన్నాడు.

నర్సింహ గొంతు తగ్గించాడు. "చిరుతొచ్చింది. ఎదురుంగ రాదది. ఎనకున్నోని మీద దునుకుతది."

వెనకున్నది లింగం బొమ్మ. యాకూబ్ పాచిక వేశాడు. ఒకటి పడింది.

"మెడ పట్టింది. మల్ల ఒకటి పడితే ఈడ్సుకపోతది."

అప్పుడొచ్చింది వాసన. తడిసిన జంతువు వాసన, దాంతోపాటు పచ్చి మాంసం కంపు... రసాయనాలకు మొద్దుబారిన ముక్కే అయినా యాకూబ్ దాన్ని చేత్తో మూసుకున్నాడు. గది మూల చీకట్లో ఏదో ఊపిరి తీస్తోంది. మెల్లగా... రంపం కోసినట్టు.

"బంద్ చేద్దాం రా..." నర్సింహ గుసగుసలాడాడు.

"బంద్ చేస్తే లింగం దాని నోట్లనే ఉంటడు."

యాకూబ్‌కు భయమేసింది. ఆ వెంటే ఒళ్ళు మండిపోయింది కూడా. గ్యాసు సగం తిన్నవాణ్ణి మిగతా సగం ఇది తింటుందా? తన బొమ్మను తీసి లింగం బొమ్మకు అడ్డంగా పెట్టాడు. మూలకు తిరిగాడు.

"వాన్ని ఇడువు. నేనున్న గద, నాతోని సూస్కో!"

మూలలో ఊపిరి ఆగింది.

పాచిక దొర్లింది. ఆరు.

వాసన పోయింది. కాసేపటికి నర్సింహ సెల్లు మోగింది. లింగం భార్య దేవమ్మ. యాకూబ్ ఫోను లాక్కున్నాడు.

"అన్నా, కండ్లు తెరిసిండు! యాకూబేడి అంటుండు!" ఆమె ఏడుస్తూనే నవ్వుతోంది.

యాకూబ్ గెలిచిన మొగోడిలా గది అదిరేలా అరిచాడు. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గానీ అన్నా..." దేవమ్మ గొంతు సన్నబడింది. "పక్క మంచం ముసలాయన లేడు. ఇప్పటిదాక ఉండె. తలుపు కాడ నేనే ఉన్న, ఎవ్వరు బయటికి పోలే. సెలైన్ సూది పరుపు మీద పడుంది... సుక్కలు కారుతనే ఉన్నయి."