బాకీ: సున్నా

పదహారు వేల ఐదు వందల డాలర్లు గల్లంతయ్యాయి. డబ్బుతో పాటు పిల్ల కూడా కనిపించడం లేదు.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి కాలేజీ పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చిన మనిషి పేరు ఒపల్ స్క్రగ్స్. డెబ్బై ఏళ్లుంటాయి. ఒహాయో నది ఒడ్డున ఓ చిన్న ఊరి నుంచి పికప్ ట్రక్ తనే తోలుకుంటూ వచ్చింది.

డిటెక్టివ్ వెర్నా హాల్‌స్టెడ్ కాఫీ కప్పు పక్కన పెట్టింది. క్లాసులు మొదలై రెండో రోజు. అప్పుడే దొంగతనం!

"పోయిందెవరమ్మా?"

"నా మనవరాలు టాన్సీ. శనివారం నేనే సామాను దింపి వెళ్లాను. నిన్నట్నుంచి ఫోనెత్తడం లేదు. రూములో లేదు. ఫీజులు కట్టించుకునే క్యాషియర్ ఉంది చూడండీ, అదే డబ్బు నొక్కేసింది. పిల్లనీ ఏదో చేసింది. ముందు దాన్ని పట్టుకోండి!"

"డబ్బు పోయిందని మీకెలా తెలుసు?"

ఒపల్ ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. హైస్కూల్ స్టేజీ. తనకన్నా పొడుగున్న అట్ట చెక్కు పట్టుకుని ఒక బక్కపల్చని పిల్ల నవ్వుతోంది. చెక్కు మీద ముప్పై ఎనిమిది వేలు. ఏ పిల్లకు కాలేజీ ఎంత సాయం ఇచ్చిందో ప్రతి మే నెలలో ఆ స్టేజీ మీద చదువుతారు. ఊరు చప్పట్లు కొడుతుంది.

"అందరూ లేచి నిలబడి కొట్టారు. మా ఊళ్లో అంత మొత్తం ఎవరికీ రాలేదు."

తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు కాగితాలు తీసింది. ఏప్రిల్‌లో కాలేజీ పంపిన అవార్డు లెటర్. ఏడాది ఖర్చు ముప్పై ఎనిమిది వేలు. మొత్తం అవార్డు ముప్పై ఎనిమిది వేలు. బాకీ సున్నా. రెండోది నిన్ననే పోస్టులో ఇంటికొచ్చిన ఆగస్టు బిల్లు. బాకీ పదహారు వేల ఐదు వందలు.

"ఏప్రిల్‌లో ఇచ్చారు. ఆగస్టుకి లేదు. మధ్యలో మింగిందెవరు?"

ప్రశ్న సూటిగానే ఉంది. వెర్నా టోపీ పెట్టుకుని లేచింది.

క్యాషియర్ లియోనా పెట్రాక్ అద్దాల కిటికీ వెనక నుంచే ఎగిరి పడింది.

"నా చేతికి రాని డబ్బు నేనెలా తింటానండీ?"

"ఎంత వచ్చింది?"

"ఇరవై ఒకటిన్నర వేలు."

"మిగతాది?"

"రాలేదు."

"ఎందుకు?"

"అది ఫీజు సాయం చూసే ఎయిడ్ ఆఫీసుని అడగండి. మాకు తెలిసింది ఒక్కటే. బాకీ ఉంటే సోమవారం మధ్యాహ్నం హాస్టల్ కార్డు ఆగిపోతుంది."

"ఎవరు ఆపుతారు?"

"సిస్టమే ఆపుతుంది."

అంటే నిన్న సాయంత్రానికి టాన్సీకి తలుపు తెరుచుకోలేదు. ఇంటికి రెండు వందల మైళ్ల దూరంలో ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్ల రాత్రికి ఎక్కడుందో కనుక్కోవాలని ఈ ఆఫీసులో ఎవరికీ తోచలేదు. వెర్నాకి ఒళ్లు మండింది.

ఎయిడ్ ఆఫీసు డైరెక్టర్ గార్డనర్ విట్లో కుర్చీలోంచి లేవలేదు.

"లెటర్‌లో అన్నీ ఉన్నాయి డిటెక్టివ్. చదువుకోవాలి మరి! ఆ అమ్మాయి ఆన్‌లైన్‌లో పనులు పూర్తి చేసి ఉండదు. ఏటా ఇదే గోల."

"ఏటానా?"

విట్లో కంప్యూటర్ వైపు తిరిగాడు.

డబ్బు పోగొట్టుకున్నాననుకున్న పేదింటి పిల్ల ఎక్కడికి వెళ్తుంది? ఏ రోజు జీతం ఆ రోజు చేతిలో పెట్టే చోటికి. బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటళ్లలో మూడోదాని వంటగదిలో టాన్సీ దొరికింది. మోచేతుల దాకా సబ్బు నురగతో ప్లేట్లు కడుగుతోంది.

యూనిఫాం చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నన్ను అరెస్ట్ చేస్తారా?"

"ఎందుకు చెయ్యాలి?"

"డబ్బు నేనే పోగొట్టానండీ. ఆ వెబ్‌సైట్‌లో ఏదో తప్పు నొక్కి ఉంటాను. పదిసార్లు చూశాను, ఏం నొక్కానో తెలీడం లేదు."

"రాత్రి ఎక్కడ పడుకున్నావ్?"

"బస్టాండులో. అమ్మమ్మకి చెప్పకండి మేడమ్. ఆ రోజు స్టేజీ మీద..." కడిగిన ప్లేటునే మళ్లీ నురగలో ముంచింది.

"వేరే కాలేజీలేవీ రాలేదా?"

"మా ఇంటి దగ్గర స్టేట్ కాలేజీ వచ్చింది. అక్కడ ఏడాదికి రెండు వేలు కట్టమన్నారు. ఇక్కడ సున్నా అన్నారు. అందుకే ఇటొచ్చాను."

వెర్నా అక్కడే స్టూలు మీద కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. ఏప్రిల్ లెటర్‌లో నాలుగు లైన్లు. బిల్లులో రెండే లైన్లు. ఆ తర్వాత ఒక ఫోన్ చేసింది.

మధ్యాహ్నం మూడింటికి విట్లో గదిలో అందరినీ కూర్చోబెట్టింది. మనవరాలి చెయ్యి పట్టుకున్న ఒపల్ ఇంకా క్యాషియర్‌నే గుర్రుగా చూస్తోంది.

"డబ్బు ఎవరూ తీయలేదు," అంది వెర్నా. "అసలా డబ్బే లేదు."

"స్టేజీ మీద చదివారు కదమ్మా!"

"ఈ లెటర్ చూసే చదివారు. విట్లో గారూ, ఈ మూడో లైను, 'పేరెంట్ ప్లస్, పధ్నాలుగు వేలు'. ఇదేంటి?"

"తల్లిదండ్రులు తీసుకోగలిగే ఫెడరల్ ప్రభుత్వ రుణం."

ఒపల్ ఉలిక్కిపడింది. "అప్పా? అవార్డని రాశారే!"

"దీనికి సంతకం ఎవరు పెట్టాలి?" వెర్నా వదల్లేదు.

"తల్లో తండ్రో."

"అమ్మమ్మ పెట్టొచ్చా?"

"కుదరదు."

"టాన్సీ తండ్రి చనిపోయాడు. తల్లి ఎక్కడుందో ఆరేళ్లుగా ఎవరికీ తెలియదు. అప్లికేషన్‌లో ఆ పిల్లే రాసింది. అది మీ ఫైల్లోనే ఉంది. మరి ఈ పధ్నాలుగు వేలు ఎవరు తెస్తారని వేశారు?"

విట్లో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎంత తక్కువ పడితే అంతా సిస్టమ్ అందులో వేసేస్తుంది. ఒక్కో పిల్లనీ మేం చూడం."

"నాలుగో లైను రెండున్నర వేలు?"

"క్యాంపస్‌లో పని చేస్తే వచ్చే జీతం."

"చెయ్యని పనికి జీతం కూడా అవార్డే! ఇవి రెండూ కలిపితే పదహారున్నర వేలు. గల్లంతైన మొత్తం సరిగ్గా అంతే. బాకీ ఇంత ఉందని ఏప్రిల్‌లోనే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పిల్లలు పక్క కాలేజీకి పోతారు," అన్నాడు విట్లో విసుగ్గా. "అందరూ ఇలాగే రాస్తారు."

అంతా ఒప్పుకున్నాడు. ఏ సెక్షన్ కిందా పట్టుకునే వీల్లేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో బేడీలు ఇంత పనికిరానివిగా వెర్నాకి ఎప్పుడూ అనిపించలేదు.

"స్టేట్ కాలేజీకి ఫోన్ చేశాను," అంది టాన్సీతో. "జనవరిలో చేర్చుకుంటారట. అప్పుడిస్తామన్న గ్రాంటు మళ్లీ ఇస్తారో లేదో చెప్పలేమన్నారు."

టాన్సీ తలూపింది. ఏడవలేదు.

"లెటర్ మార్చే విషయం వచ్చే ఏడాది కమిటీలో పెడతాను," అన్నాడు విట్లో.

"నాకొకటి ఇప్పుడే కావాలి సార్," అంది టాన్సీ. "ఇంటికెళ్తే డబ్బంతా తగలేసి వచ్చాననుకుంటారు. ఏం జరిగిందో రాసివ్వండి. మా చర్చిలో అందరి ముందూ చదువుతాను."

విట్లో టైపు చేశాడు. 'అర్హతలకు లోబడి సవరించిన సహాయ ప్యాకేజీ...'

"ఇది ఆవిడకి అర్థం కావాలి," అంది వెర్నా ఒపల్‌ని చూపిస్తూ. "మళ్లీ రాయండి."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఇరవై ఏళ్లుగా లెటర్లు పంపుతున్న మనిషికి నాలుగు మాటలు రాయడానికి చెమటలు పట్టాయి. ఆఖరికి ప్రింటర్ లోంచి ఒక కాగితం వచ్చింది.

'టాన్సీ స్క్రగ్స్‌కు మేము ఇచ్చింది పదహారు వేలు. అయిదున్నర వేలు ఆమె తిరిగి తీర్చాల్సిన అప్పు. పధ్నాలుగు వేలు తల్లిదండ్రులు తీసుకోవాల్సిన అప్పు, అది ఆమెకు దొరకదు. రెండున్నర వేలు పని చేస్తేనే వస్తాయి. తప్పు ఆమెది కాదు.'

ఒపల్ వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కాగితాన్ని మనవరాలికిచ్చింది.

టాన్సీ రెండుసార్లు చదువుకుని విట్లో వైపు చూసింది.

"ఇదేదో ఏప్రిల్‌లోనే రాయొచ్చు కదా సార్?"