ఆసుపత్రి లిఫ్టు ఫెయిలైన రోజు

"మీ లిఫ్టు ఫెయిలండీ."

మొదటి ఊళ్లో, లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌తో అన్న మొదటి మాట అది. నమస్కారం కూడా ఆ తర్వాతే.

"తలుపుల మధ్య చెయ్యి పెడితే వెంటనే ఆగడం లేదు," అంది.

"కాస్త ఆలస్యంగా ఆగుతుంది మేడమ్," అన్నాడు మెకానిక్.

"ఆ కాస్త ఆలస్యంలోనే వేళ్లు నలుగుతాయి. సరిచేసి పిలవండి."

అతను మూతి ముడుచుకుని పనిముట్ల పెట్టె తెరిచాడు. గోడవార కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న అతని నాన్నమ్మ మాత్రం, తన మనవడి పనికి వంక పెట్టే మనిషి ఇన్నాళ్లకు దొరికిందని ముచ్చటపడింది.

అసలది ఆఫీసు పని. కంపెనీ లిఫ్టులున్న ఊళ్లన్నీ వరసగా తిరిగి, ఒక్కోదాన్నీ సర్వీసు చేసి, ఇన్‌స్పెక్టర్ చేత పాస్ అనిపించుకోవాలి. ఆ దారిలో చిట్టచివరి ఊళ్లో అతని బాబాయి ఉంటాడు. పిన్ని ప్రసవించింది. పసిదాన్ని చూసుకోవడానికి నాన్నమ్మ వెళ్లాలి. "ఎలాగూ పోతున్నావుగా, నన్నూ తీసుకుపో," అని ఆవిడ సంచి సర్దుకుని కంపెనీ వ్యాన్ ఎక్కేసింది. రెండో ఊళ్లో ఇన్‌స్పెక్టర్ ఆఫీసు కారు మొండికేసింది. "మా వ్యాన్లో బోలెడు చోటుందమ్మా," అంది నాన్నమ్మ, మనవణ్ణి మాటవరసకైనా అడగకుండా.

అలా ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని, నాన్నమ్మ మధ్యలో, వానలో ఊరూరూ తిరిగారు.

మొదట్లో ఆమె తప్పు పడితే అతనికి ఒళ్లు మండేది. కొన్నాళ్లకు, ఆమె ఎక్కడ వేలు పెడుతుందో ముందే ఊహించి అక్కడ బిగించి ఉంచడం సరదా అయింది. ఆ తర్వాత ఆమె వేలు పెట్టకుండా ముందుకు వెళ్లిపోతే ఏదో వెలితిగా ఉండేది.

వానకి వ్యాన్ ముందరి అద్దం మసకబారితే ఆమె చేతిరుమాలు తీసి, అతని వైపు కూడా చెయ్యి చాపి తుడిచేది.

"నన్నూ ఓసారి తుడువమ్మా," అంది నాన్నమ్మ ఒకరోజు. "మీ మధ్య నేనే మసగ్గా అడ్డంగా ఉన్నట్టున్నాను."

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగిపోయింది. మెకానిక్ అవసరం లేకపోయినా గేరు మార్చాడు.

ఇంకో రెండు ఊళ్లు మిగిలాయనగా, టీ దుకాణం దగ్గర నాన్నమ్మ అతన్ని పక్కకు లాగింది.

"ఒరేయ్, చెప్పావా లేదా?"

"ఏం చెప్పాలి?"

"లిఫ్టు గురించైతే గంటసేపు మాట్లాడతావు. అసలు మాట దగ్గరికొచ్చేసరికి రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతావేం?"

అతను గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "నా పనికి మార్కులు వేసే మనిషి నాన్నమ్మా ఆవిడ. ఇప్పుడు నోరు జారితే, రేపు పాస్ చేసినా మాటొస్తుంది, ఫెయిల్ చేసినా మాటొస్తుంది. ఆ మాట ఆవిడ పడాలి. అన్నీ అయ్యాక చెప్తా."

"అన్నీ అయ్యాక ఆ పిల్ల బస్సెక్కి వాళ్ల ఊరు పోతుంది. నువ్వు బస్సు వెనకాల పరిగెత్తుతావా?"

అతను గ్లాసు ఖాళీ చేసి వ్యాన్ వైపు నడిచాడు.

మర్నాడు పెట్రోలు బంకులో అతను డబ్బులిచ్చి వస్తుండగా, తెరిచి ఉన్న కిటికీలోంచి నాన్నమ్మ గొంతు వినపడింది.

"అమ్మడూ, రేపటి ఆసుపత్రి లిఫ్టుతో మీ పని అయిపోతుందట కదా. దాన్ని కాస్త ఫెయిల్ చెయ్యకూడదూ? ఇంకో రోజు ఉండిపోతావు."

ఇన్‌స్పెక్టర్ నవ్వింది. "లేని తప్పు ఎలా రాస్తాను నాన్నమ్మగారూ?"

"లేనిది రాయొద్దులే. ఉన్నది కొంచెం గట్టిగా వెతుకు."

అతను విననట్టే వచ్చి బండి తీశాడు. కానీ ఆ సాయంత్రమంతా అతని పెదాల మీద చిరునవ్వు చెరగలేదు. ఆమె "ఛీ, అదేం మాట" అనలేదు. నవ్వింది.

ఆఖరి ఊళ్లో అది ప్రసవాల ఆసుపత్రి. మూడంతస్తులు. ఆపరేషను గది పైన, వార్డు కింద. పొద్దున్నే లిఫ్టును పైకీ కిందికీ నడిపి, అంతా బాగానే ఉందనుకుని, ఇన్‌స్పెక్టర్‌కి అప్పగించి, అతను నాన్నమ్మను బాబాయి ఇంట్లో దింపడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి లిఫ్టు ముందు అడ్డంగా కుర్చీ వేసి ఉంది. నర్సులు మెట్ల మీదుగా తిరుగుతున్నారు.

"ఫెయిల్," అంది ఇన్‌స్పెక్టర్. "బ్రేకు జారుతోంది."

అతని మొహం వెలిగిపోయింది. గొంతు తగ్గించి, "థాంక్సండీ," అన్నాడు. "నాన్నమ్మ మాట తీసెయ్యలేకపోయారన్నమాట."

ఆమె అతని వైపు చూసిన చూపు అతనికి అప్పటిదాకా తెలియనిది. కోపం కూడా కాదు. ఇన్నాళ్లూ పక్కన కూర్చున్న మనిషి ఎవరో కొత్తవాడైనట్టు.

"పొద్దున ఖాళీగా నడిపారు కదూ? లోడు వేసి చూడండి," అని, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది.

అతను ఇసుక బస్తాలు ఎక్కించి నడిపాడు. మొదటిసారి సరిగ్గానే ఆగింది. నాలుగైదుసార్లు తిరిగి బ్రేకు వేడెక్కాక, పై అంతస్తులో ఆగాల్సిన లిఫ్టు మెల్లగా జారి, గడపకు జానెడు కింద నిలబడింది.

అదే సమయానికి వార్డులోంచి స్ట్రెచర్ వచ్చింది. దాని మీద నిండు గర్భిణి, ఒక చేత్తో అంచు పట్టుకుని, ఇంకో చేత్తో భర్త చెయ్యి పట్టుకుని ఉంది. అడ్డంగా ఉన్న కుర్చీని చూసి నలుగురు మనుషులు ఆమెను జాగ్రత్తగా మెట్ల మీదుగా మోసుకెళ్లారు. అతనూ వెళ్లి ఒక మూల పట్టుకున్నాడు. పైకి చేరాక, గడపకు జానెడు కింద నిలిచిపోయిన లిఫ్టు వైపు మరోసారి చూశాడు.

పక్క ఊరి నుంచి కొత్త బ్రేకు దిమ్మలు తెప్పించి, మర్నాడు మధ్యాహ్నానికి బిగించి, ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా బస్తాలతో ఇరవైసార్లు నడిపించింది. ప్రతిసారీ లిఫ్టు గడపను ముద్దుపెట్టుకున్నట్టు ఆగింది.

"పాస్," అంది.

"ఒక్క నిమిషం మేడమ్." అతను తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పెట్టాడు. "నిన్న నేనన్నది చాలా తప్పు. మీరు అబద్ధం చెప్పారనుకుని సంతోషపడ్డాను చూడండి, అదింకా పెద్ద తప్పు. మీరు చూడకపోతే ఆ స్ట్రెచర్ మీద ఉన్నావిడ..."

ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. "మా అమ్మ ఏ లిఫ్టూ ఎక్కదు. నేను చూసిన లిఫ్టని తెలిస్తేనే ఎక్కుతుంది. అందుకే అంత బాధేసింది." తర్వాత నెమ్మదిగా అంది. "ఇకమీదట మీ కంపెనీ లిఫ్టులు వేరే ఇన్‌స్పెక్టర్ చూస్తారు. నిన్న నేనే ఆఫీసుకి ఫోన్ చేసి మార్చమని అడిగాను. మొదలుపెట్టిన ఈ ఒక్కటీ మాత్రం ముగించి రమ్మన్నారు."

అతనికి కాళ్ల కింద అంతస్తు జారినట్టయింది. "అర్థమైందండీ. నా మొహం చూడాలని లేదు."

"మీకేమీ అర్థం కాలేదు. బ్రేకు జారింది చూడగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? అమ్మయ్య, ఇంకో రోజు ఉండొచ్చు అనిపించింది. ఒక్క క్షణమే. కానీ ఆసుపత్రి లిఫ్టు చెడిందని సంతోషించే మనిషి దాన్ని పరీక్ష చెయ్యకూడదు." ఆమె తల వంచుకుంది. "మీ పని చూడనన్నాను. మిమ్మల్ని చూడనన్నానా?"

అతను నోరు తెరిచాడు. మూశాడు. లిఫ్టు తలుపులు కూడా వాటంతటవే తెరుచుకుని, మూసుకున్నాయి.

"పదండి," అంది ఆమె చివరికి, నవ్వాపుకుంటూ. "నాన్నమ్మగారికి చెప్పకుండా బస్సెక్కితే ఊరుకోరు."

బాబాయి ఇంట్లో ఉయ్యాల పక్కన నాన్నమ్మ కూర్చుని ఉంది. తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచి ఇద్దరూ లోపలికి వచ్చారు. పిన్ని ఆమెను ఎగాదిగా చూసి, "ఈ అమ్మాయెవరు?" అంది.

నాన్నమ్మ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. వాడే చెప్పాలి.

"నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి పిన్నీ," అన్నాడు అతను, ఒక్క గుక్కలో. అని, చెవుల దాకా ఎర్రబడి, "ఇంకా అడగలేదనుకో," అన్నాడు.

గదిలో అందరూ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. ఉయ్యాల్లో పసిది తప్ప.

"ఇప్పుడు అడిగినట్టేనా?" అంది ఆమె.

"అవును."

"అయితే మా వాళ్లతో మాట్లాడటానికి ఎప్పుడొస్తున్నావు?"

తను 'నువ్వు' అన్న సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. నాన్నమ్మకు అప్పుడే తెలిసింది. ఆవిడ కళ్లొత్తుకుని, జరిగి, మంచం మీద తన పక్కన చోటు చూపించింది.

"వాడొక్కడే ఏం వస్తాడు, మళ్లీ మధ్యలో ఇరుక్కుపోతాడు," అంది. "నేనూ వస్తాను. నువ్విలా వచ్చి కూర్చో తల్లీ."