మిల్లు గేటు ముందు మనిషి

ఉదయపు నిలకడ గంట మోగేసరికి జూట్ మిల్లు రోడ్డు మీద జనం ఎక్కడివాళ్లక్కడ గోడల వైపు తిరిగి నిలబడిపోయారు. ఇడ్లీ బండివాడు చేతిలో గరిటెతో సహా బిగుసుకుపోయాడు. ఫోన్లలో దాచుకున్న ఫోటోలన్నీ ఒక్క ఏడాదిలో చెరిగిపోయాక లోకానికి గోడలే దిక్కయ్యాయి. గోడ తన మీద పడ్డ వెలుగును తాగి దాచుకుంటుంది. కుడ్యదర్శిని అనే యంత్రం దాన్ని బయటికి లాగి బొమ్మ కడుతుంది. కానీ కదిలే మనిషి గోడకు అంటడు. అందుకే ఈ నిలకడ.

మర్నాడు కూల్చబోయే మిల్లు గోడల్లోంచి చివరిసారి బొమ్మలు తీయడానికి కుడ్యదర్శినితో వచ్చింది కేతకి. ఆమె వెనకే పైడితల్లి నడిచింది. పోయిన భర్త సన్యాసిరావు బొమ్మ ఒక్కటీ మిగల్లేదామెకు. బతుకంతా ఇక్కడే అరగదీశాడు కదా, ఏ గోడో ఆయన్ని దాచి ఉంచకపోతుందా అని ఆమె ఆశ.

జనపనార వడికే నూలు ఖానా గోడలు ఒక్కొక్కటే వెలిగాయి. యంత్రాలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. కుర్చీలో సూపర్‌వైజరు మీసంతో సహా వచ్చాడు. కూలీలున్న చోట మాత్రం పొగలాంటి చారలే.

"ఆయన ఎక్కువగా ఎక్కడ నిలబడేవారమ్మా?" అడిగింది కేతకి.

"నిలబడ్డమేటి తల్లీ? పోగు తెగితే పరుగు, అతికితే పరుగు. కూకోనిత్తే కదా!"

సాయంత్రమైంది. కేతకికి జాలేసింది. మిగిలింది గేటు స్తంభం ఒక్కటే. దాని బయటి వైపుకు కుడ్యదర్శిని గురిపెట్టింది.

సన్యాసిరావు వచ్చాడు. చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, చేతిలో క్యారేజీతో, గేటు వైపే చూస్తూ.

"ఓలమ్మ! ఈయనే!" పైడితల్లి ఆ వెలుగు బొమ్మ చెంప నిమరబోయింది. "డూటీకి వొచ్చినప్పటిదేనా?"

కుడ్యదర్శిని చూపిన ఏడాది చదివి కేతకి తటపటాయించింది. "కాదమ్మా. మిల్లు మూసేసిన తర్వాతది. ఇంత చిక్కగా పడాలంటే నెలల తరబడి, పొద్దస్తమానం ఇక్కడే నిలబడి ఉండాలి."

పైడితల్లి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మూసీసినాక రాజాంలో పని దొరికిందన్నాడు. ఆయన పోయిన్రోజు దాకా క్యారేజీ కట్టీదాన్ని. రాత్రి ఖాళీ క్యారేజీ ఇచ్చి, కూర బాగుందనీవోడు."

ఇన్ని గోడలు వెలిగించిన కేతకి చేతులకు ఈ ఒక్కదాన్ని ఎలా ఆర్పాలో తెలియలేదు.

"తల్లీ, ఈ ఎండలో నిలబడే తిన్నాడేటి? ఆ సంగతి గోడకి తెలుస్తాదా?"

"తెలీదమ్మా."

సాయంత్రపు నిలకడ గంట మోగింది. రోడ్డంతా ఆగిపోయింది. అలవాటు కొద్దీ కేతకీ ఆగింది. పైడితల్లి మాత్రం ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ స్తంభం దగ్గరికి నడిచి, భర్త ముఖానికి ఎదురుగా నిలుచుంది.

"ఇంక సాల్లేయ్యా," అంది మెల్లగా. "ఇంటికి పోదాం పద."